కారా కోయున్లు: వాన్ సరస్సు నుంచి గోల్కొండ దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

కారా కోయున్లు అంటే ఎవరు?

14వ శతాబ్దం చివర ఇప్పటి తూర్పు టర్కీలోని వాన్ సరస్సు చుట్టుపక్కల బలపడి, 15వ శతాబ్దంలో తబ్రీజ్ రాజధానిగా ఇరాన్‌లో పెద్ద భాగాన్నీ, ఇరాక్, ఆర్మేనియా, అజర్‌బైజాన్ ప్రాంతాల్నీ ఏలిన తుర్క్‌మెన్ తెగల కూటమి. వీళ్ళంతా ఒకే వంశం వాళ్ళు కారు. చాలా తెగలు ఒక కుటుంబం పెత్తనానికి ఒప్పుకుని కలిసి నడిచాయి. 1469 కల్లా రాజ్యం పోయింది. నిండా వందేళ్ళు కూడా లేని చరిత్ర ఇది. అయినా తెలుగువాళ్ళకు ఇందులో ఒక వాటా ఉంది. ఆ కూటమి కూలాక చెల్లాచెదురైన కుటుంబాల్లో ఒకటి దక్కన్ చేరి కుతుబ్ షాహీ వంశమైంది. ఆ సంగతి కింద వివరంగా ఉంది.

ఆ పేరు ఎలా వచ్చింది?

కారా కోయున్లు అంటే నల్ల గొర్రెల వాళ్ళు. మందల రంగును బట్టి వచ్చిందని కొందరు, జెండా గుర్తని కొందరు, గొర్రె ఆ తెగ కులచిహ్నమని ఇంకొందరు అంటారు. ఏదీ తేలలేదు. తూర్పు టర్కీ, ఆర్మేనియా, నఖ్చివాన్ ప్రాంతాల పాత శ్మశానాల్లో పొట్టేలు ఆకారంలో చెక్కిన సమాధి రాళ్ళు మాత్రం ఇప్పటికీ కనిపిస్తాయి. వీళ్ళకు పక్కనే దియార్‌బకర్ వైపు పోటీ కూటమి ఒకటి ఉండేది. దాని పేరు ఆక్ కోయున్లు, అంటే తెల్ల గొర్రెల వాళ్ళు. ఈ ఇద్దరి మధ్య వైరం మూడు తరాలకు పైగా నడిచింది.

తుర్క్‌మెన్లు అంటే ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్ వాళ్ళా?

కాదు. మూలం మాత్రం ఒకటే, ఓగుజ్ తుర్కులు. 11వ శతాబ్దంలో సెల్జుక్ తుర్కు సుల్తానుల కాలం నుంచి మధ్య ఆసియా వదిలి పడమరకు వచ్చి, ఇరాన్, అనతోలియా కొండల్లో మందలు మేపుకుంటూ స్థిరపడ్డవాళ్ళు వీళ్ళు. ఇంట్లో మాట్లాడింది ఇప్పటి అజర్‌బైజానీకి పూర్వరూపమైన తుర్కీ భాష. లెక్కలు, ఫర్మానాలు, ఉత్తరాలు మాత్రం పారశీకంలో సాగేవి, ఎందుకంటే వాటిని రాసే గుమాస్తాలు ఇరానీలు. గుర్రం మీద తుర్కీ, కలం పట్టేచోట పారశీకం అన్న ఈ ఏర్పాటు తర్వాత దక్కన్‌లోనూ కనిపిస్తుంది.

గొర్రెలు కాసేవాళ్ళు రాజ్యం ఎలా నడిపారు?

నా లెక్కలో ఇదే అన్నిటికన్నా మంచి ప్రశ్న. ఎందుకంటే ఈ కూటమి పెరిగిన తీరూ, విరిగిన తీరూ రెండూ మందల దగ్గరే అర్థమవుతాయి.

ఎండాకాలం వచ్చేసరికి వాన్ సరస్సుకు ఉత్తరాన ఉన్న అలాదాగ్ కొండల మీద పచ్చిక బాగా పెరిగి ఉంటుంది. చలికాలంలో అక్కడ మంచు. అప్పుడు మందల్ని దక్షిణాన మోసూల్ వైపు మైదానాలకు దించాలి. మేత కోసం మందలు తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయే పాలమూరు గొల్లకురుమల్ని చూసినవాళ్ళకు ఈ నడక కొత్తగా అనిపించదు. కాకపోతే ఇక్కడ నడిచేది ఊరికి పది కుటుంబాలు కాదు, గుర్రాలూ ఆయుధాలూ ఉన్న వేల గుడారాలు. ఏటా రెండుసార్లు దాటే ఆ కనుమలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే పెత్తనం. అదే నేల మీదుగా తబ్రీజ్ నుంచి ఎర్జురుమ్ గుండా నల్ల సముద్రపు ఒడ్డున ట్రెబిజోండ్‌కు వర్తక బిడారులు వెళ్ళేవి. దారి సుంకం ఒక ఆదాయం, కాపలాకు తీసుకునే సొమ్ము ఇంకో ఆదాయం.

1335లో ఇరాన్ మంగోలు పాలకుడు అబూ సయీద్ వారసుడు లేకుండా పోయాడు. ఆ సామ్రాజ్యం ముక్కలైంది. బాగ్దాద్, తబ్రీజ్‌లు జలాయిర్ వంశం చేతికి వచ్చాయి. ఆ సుల్తానులకు గుర్రపు దళాలు కావాలి, తుర్క్‌మెన్ నాయకులకు పచ్చిక మీద హక్కు కావాలి. అలా బైరామ్ ఖ్వాజా అనే నాయకుడు జలాయిర్‌ల కింద పనిచేస్తూనే మోసూల్, సింజార్, వాన్ ఒడ్డున ఎర్జిష్ తన గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు. 1380లో అతను పోయాక కారా ముహమ్మద్ వచ్చాడు. అతను 1389లో పోరులో చనిపోయాడు.

ఈ సైన్యానికి నెలజీతం ఉండదు. ఎవడి తిండి వాడి మంద చూసుకుంటుంది. రాజుకు అది చాలా చవక. కానీ జీతం లేని సైనికుడికి దోపిడీ వాటా చూపించాలి, చలి మొదలవగానే ఇంటికి వెళ్ళనివ్వాలి. గెలుస్తున్నంత కాలం అందరూ వెంట ఉంటారు, ఓడిన మర్నాడు ఎవడి దారి వాడిది. కింద చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోండి.

కూటమిలో ఏయే తెగలు ఉండేవి?

పాలక కుటుంబం బహార్లు తెగది. దీన్నే బారానీ అని కూడా అంటారు. సాద్లు తెగ నఖ్చివాన్, యెరెవాన్ ప్రాంతంలో, కరమాన్లు గాంజా, బర్దా వైపు, దుహార్లు ఎర్జురుమ్ వైపు ఉండేవాళ్ళు. అల్పావుత్, జాగిర్లు, ఆగాచెరి, హాజిలు వంటివి ఇంకొన్ని. ఒక తెగ ఇవాళ ఇటు, రేపు తెల్ల గొర్రెల వైపు వెళ్ళడం మామూలే.

కారా యూసుఫ్‌నే అసలు స్థాపకుడని ఎందుకంటారు?

అతనికి ముందు వీళ్ళు జలాయిర్‌ల కింది నాయకులు. స్వతంత్ర రాజ్యం చేసింది అతనే. ఆ కథ మంచి మలుపులతో సాగుతుంది.

సమర్‌కంద్ నుంచి ఏలిన మధ్య ఆసియా విజేత తైమూర్ దండెత్తినప్పుడల్లా కారా యూసుఫ్ ఎదురు నిలవడం, చివరికి పారిపోవడం. ఒకసారి ఒట్టోమన్ సుల్తాన్ బాయజీద్ దగ్గర తలదాచుకున్నాడు. అతన్ని అప్పగించమని తైమూర్ అడిగాడు, బాయజీద్ కుదరదన్నాడు. 1402లో అంకారా యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఇదొకటి. అందులో బాయజీద్ ఓడి బందీ అయ్యాడు. కారా యూసుఫ్ ఈసారి దమాస్కస్ వైపు పారిపోయాడు. ఈజిప్టు, సిరియాలను ఏలే మమ్లూక్ సుల్తానులకు తైమూర్ అంటే భయం, అందుకని జైల్లో వేశారు. అదే జైల్లో పాత యజమాని వంశం వాడైన సుల్తాన్ అహ్మద్ జలాయిర్ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు: బయటపడితే తబ్రీజ్ నాది, బాగ్దాద్ నీది. కారా యూసుఫ్ కొడుకు పీర్ బుదాక్‌ను అహ్మద్ దత్తత తీసుకున్నాడు.

1405లో తైమూర్ పోయాడు. అప్పటికే విడుదలై సొంత గడ్డకు చేరిన కారా యూసుఫ్ 1406లో నఖ్చివాన్ దగ్గర తైమూర్ మనవడు అబూ బకర్‌ను ఓడించాడు. 1408లో తబ్రీజ్ దగ్గర సర్ద్‌రూద్‌లో మళ్ళీ ఓడించాడు. ఆ యుద్ధంలో తైమూర్ కొడుకు మీరాన్ షా చనిపోయాడు. జైలు ఒప్పందం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1410లో అహ్మద్ తబ్రీజ్ మీద కన్నేసి ఓడిపోయాడు, కారా యూసుఫ్ అతన్ని చంపించాడు. మరుసటేడు బాగ్దాద్ కూడా చేతికొచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన తెలివి ఒకటుంది. కారా యూసుఫ్ సింహాసనం మీద తాను కూర్చోకుండా కొడుకు పీర్ బుదాక్‌ను కూర్చోబెట్టాడు. ఎందుకంటే ఆ కుర్రాడు జలాయిర్ సుల్తాన్ దత్తపుత్రుడు, వారసత్వ హక్కు కాగితం మీద అతనిదే. జైల్లో జరిగిన దత్తత అలా పనికొచ్చింది.

కారా యూసుఫ్ ఎలా చనిపోయాడు?

1420 చివర తైమూర్ ఇంకో కొడుకు షారుఖ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు. ఎదుర్కోవడానికి బయల్దేరిన కారా యూసుఫ్ తబ్రీజ్ దగ్గర ఊజాన్‌లో జబ్బుతో కన్నుమూశాడు. విషయం తెలిసిన గంటల్లోనే శిబిరం ఖాళీ అయింది. సొంత మనుషులే గుడారం దోచుకున్నారని, చెవిపోగుల కోసం శవం చెవులు కోశారని ఆనాటి చరిత్రకారులు రాశారు. తర్వాత శవాన్ని ఎర్జిష్‌కు తీసుకెళ్ళి తాతముత్తాతల పక్కన పాతిపెట్టారు. నాయకుడితో ఉన్న బంధం ఎంత వ్యక్తిగతమో, ఎంత పలుచనో ఆ ఒక్క రాత్రి చెబుతుంది.

ఆ తర్వాత షారుఖ్ గెలిచాడా?

యుద్ధాలు గెలిచాడు, దేశం గెలవలేదు. కారా యూసుఫ్ కొడుకు ఇస్కందర్‌ను 1421లో అలష్కెర్త్ దగ్గర, 1429లో సల్మాస్ దగ్గర ఓడించాడు. ఓడినప్పుడల్లా ఇస్కందర్ కొండల్లోకి వెళ్ళిపోయేవాడు, షారుఖ్ తన రాజధాని హెరాత్‌కు తిరిగి వెళ్ళగానే మళ్ళీ తబ్రీజ్‌లో కనిపించేవాడు. మేత వెంట తిరిగే జనాన్ని కోట ముట్టడించినట్టు ముట్టడించలేం కదా. 1434లో మొదలైన మూడో దండయాత్రలో షారుఖ్ దారి మార్చాడు. ఇస్కందర్ తమ్ముడు జహాన్ షాను చేరదీసి తబ్రీజ్ అప్పగించాడు. ఇస్కందర్ అలింజా కోటలో దాక్కుని, అక్కడ సొంత కొడుకు చేతిలోనే చనిపోయాడు.

జహాన్ షా గొప్ప రాజా, లేక క్రూరుడా?

రెండూ. వీళ్ళలో అందరికన్నా పెద్ద రాజ్యం ఏలింది అతనే. 1447లో షారుఖ్ పోయేవరకు వినయంగా ఉండి, ఆ తర్వాత కట్లు తెంచుకున్నాడు. 1452 నుంచి ఇస్ఫహాన్, ఫార్స్, కెర్మాన్ ఒక్కొక్కటే పట్టుకున్నాడు. 1458లో ఏకంగా తైమూర్ వంశీకుల రాజధాని హెరాత్‌లో అడుగుపెట్టాడు. మందలు కాసుకునే తెగ నాయకుడి మునిమనవడికి ఇది చిన్న విషయం కాదు.

కానీ హెరాత్‌లో ఉండలేకపోయాడు. మాకూ కోటలో ఖైదులో ఉన్న కొడుకు హసన్ అలీ తప్పించుకుని తబ్రీజ్ ఆక్రమించాడని కబురు వచ్చింది. హెరాత్ ఉన్న ఖురాసాన్ ప్రాంతాన్ని తైమూర్ వంశీకుడైన అబూ సయీద్‌కు తిరిగిచ్చి హడావిడిగా వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో కొడుకు పీర్ బుదాక్ తలనొప్పి. ఇతను పైన చెప్పిన పీర్ బుదాక్ కాదు, ఆ పేరే పెట్టుకున్న తర్వాతి తరం వాడు. మొదట షిరాజ్‌లో, తర్వాత బాగ్దాద్‌లో గవర్నర్. అందమైన చిత్రాలతో పుస్తకాలు రాయించిన కళాభిమాని, తండ్రి మాట మాత్రం వినేవాడు కాదు. జహాన్ షా బాగ్దాద్‌ను ఏడాదికి పైగా ముట్టడించి, చివరికి 1466లో కొడుకు ప్రాణం తీయించాడు.

ఇదంతా ఒక్క కుటుంబం చెడ్డతనం అనుకుంటే పొరపాటు. రాజ్యాన్ని కుటుంబం మొత్తం ఆస్తిగా చూసేవారు. పెద్దకొడుకుకే సింహాసనం అన్న నియమం లేదు. కొడుక్కో రాష్ట్రం, సైన్యం ఇచ్చి పంపితే వాడు అక్కడ చిన్న రాజవుతాడు, తండ్రికి పోటీ అవుతాడు. ఈ లోపం తెలిసినా దిద్దుకునే దారి ఆ పద్ధతిలో లేదు.

ఇంకోవైపు ఇదే జహాన్ షా హఖీఖీ అన్న కలం పేరుతో తుర్కీలో, పారశీకంలో కవిత్వం రాశాడు. తన కవితల సంపుటిని హెరాత్ మహాకవి జామీకి పంపి అభిప్రాయం అడిగాడు కూడా.

తబ్రీజ్ నీలి మసీదు వీళ్ళదేనా?

అవును. 1465లో పూర్తయింది. దీన్ని దగ్గరుండి కట్టించింది జహాన్ షా భార్య ఖాతూన్ జాన్ బేగం అని చెబుతారు. నీలం, తెలుపు, బంగారు రంగు పలకల్ని ముక్కలుగా కోసి అతికిన ఆ పనితనాన్ని చూసే "ఇస్లాం ఫిరోజా రాయి" అన్నంత పొగడ్త వచ్చింది. 1780 భూకంపంలో గుమ్మటం కూలిపోయింది. 20వ శతాబ్దంలో మళ్ళీ కట్టారు. ప్రధాన ద్వారం దగ్గర మాత్రం పాత పలకలు చాలావరకు నిలిచాయి. తబ్రీజ్ వెళ్ళేవాళ్ళు తప్పక చూడాలి.

వీళ్ళు షియాలా, సున్నీలా?

ఒక్క మాటలో తేల్చి చెప్పేవాళ్ళను నమ్మకండి. షియా మొగ్గు ఉందన్నది నిజం. బాగ్దాద్ ఏలిన ఇస్పాన్ (కారా యూసుఫ్ కొడుకుల్లో ఒకడు) 1430ల్లో పన్నెండు ఇమాముల షియా మతాన్ని అధికార మతంగా ప్రకటించాడు. అదే సమయంలో జహాన్ షా నాణేల్లో కొన్నిటి మీద ఒకవైపు అలీని కీర్తించే షియా వాక్యం, మరోవైపు సున్నీలు గౌరవించే నలుగురు ఖలీఫాల పేర్లు ఉన్నాయి. ఊళ్ళలో ప్రజలు సున్నీలు, కొండల్లో తెగలు అలీ భక్తులు. ఇద్దరినీ ఏలాలి కాబట్టి నాణేనికి రెండు వైపులా వాడుకున్నాడు. ఇప్పటి గీతల్ని పట్టుకెళ్ళి 15వ శతాబ్దం మీద గీస్తే ఇలాంటి నాణెం అర్థం కాదు.

క్రైస్తవ ఆర్మేనియన్లతో ఎలా ఉండేవాళ్ళు?

కాలాన్ని బట్టి, నాయకుణ్ణి బట్టి మారింది. వాన్ సరస్సు దగ్గరి మెత్సోప్ మఠానికి చెందిన తోమా మెత్సోపెత్సి తన చరిత్రలో దండయాత్రలు, పన్నులు, కరువుల గురించి గుండె తరుక్కుపోయేలా రాశాడు. 1412లో జార్జియా రాజు కాన్‌స్టాంటైన్‌ను కారా యూసుఫ్ పట్టుకుని చంపించాడు. 1440లో జహాన్ షా జార్జియా మీద పడి తిఫ్లిస్‌ను (ఇప్పటి త్బిలిసి) ధ్వంసం చేశాడు. అయితే మరుసటి సంవత్సరమే, 1441లో, ఆర్మేనియన్ చర్చి ప్రధాన పీఠం సిలీషియాలోని (ఇప్పటి దక్షిణ టర్కీ) సిస్ నుంచి తిరిగి యెరెవాన్ దగ్గరి ఎచ్మియాజిన్‌కు వచ్చింది. అది జరిగింది కారా కోయున్లు ఏలుబడిలోనే, వాళ్ళ గవర్నర్ అనుమతితోనే. ఆ పీఠం ఇప్పటికీ అక్కడే ఉంది. యెరెవాన్ దగ్గర అర్గవాంద్‌లో 1413లో కట్టిన తుర్క్‌మెన్ అమీర్ల సమాధి గోపురం కూడా నిలిచి ఉంది.

చివరికి ఎలా పడిపోయారు?

1467 శరదృతువులో జహాన్ షా తెల్ల గొర్రెల నాయకుడు ఉజున్ హసన్ మీదకు వెళ్ళాడు. ఉజున్ హసన్ యుద్ధానికి చిక్కకుండా తప్పించుకు తిరుగుతూ కాలం గడిపాడు. చలి మొదలైంది. అలవాటు ప్రకారం జహాన్ షా సైన్యంలో ఎక్కువమందిని శీతాకాలపు మేత భూములకు పంపేసి, కొద్దిమందితో నెమ్మదిగా వెనక్కి బయల్దేరాడు. రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతాడని శత్రువులు అతన్ని గబ్బిలం అని వెక్కిరించేవారట. చపాక్‌చూర్ దగ్గర ఉజున్ హసన్ మెరుపుదాడి చేశాడు. పారిపోతూ జహాన్ షా చనిపోయాడు.

తర్వాత గద్దెనెక్కిన హసన్ అలీ ఖజానా మొత్తం సైనికులకు పంచినా ఎవరూ నిలవలేదు. సాయానికని వచ్చిన అబూ సయీద్ కూడా 1469లో ఉజున్ హసన్‌కు చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఈ అబూ సయీద్ మొఘల్ బాబర్‌కు స్వయానా తాత. కూటమి తెగలు చాలావరకు గెలిచిన వాళ్ళ వైపు వెళ్ళిపోయాయి.

సఫవీలకు, వీళ్ళకు సంబంధం ఏమిటి?

ఇది కాస్త తమాషా కథ. సఫవీలు మొదట ఒక సూఫీ పీఠం వాళ్ళు, తర్వాత ఇరాన్‌ను ఏలిన వంశం. వాయవ్య ఇరాన్‌లోని అర్దబీల్‌లో సఫవీ పీఠాధిపతి జునైద్ సాయుధ శిష్యుల్ని కూడగడుతున్నాడని జహాన్ షా అతన్ని ఊరు దాటించాడు. షియా మొగ్గున్న రాజు తరిమేస్తే, సున్నీ అయిన ఉజున్ హసన్ ఆశ్రయమిచ్చి తన చెల్లెల్ని ఇచ్చి పెళ్ళి చేశాడు. జునైద్ కొడుక్కి తన కూతుర్నీ ఇచ్చాడు. వాళ్ళకు పుట్టిన ఇస్మాయిల్ 1501లో తబ్రీజ్‌లో షా అయ్యి, తల్లి తరఫు తెల్ల గొర్రెల వంశాన్నే గద్దె దించాడు. అతని ఎర్ర టోపీల సైన్యంలో పాత నల్ల గొర్రెల తెగల వాళ్ళూ ఉన్నారు.

గోల్కొండ కుతుబ్ షాహీలు నిజంగా వీళ్ళ వారసులేనా?

అవును, ఆ వంశం చెప్పుకున్నది అదే, చరిత్రకారులూ ఒప్పుకున్నారు. స్థాపకుడు సుల్తాన్ కులీ పుట్టింది హమదాన్ ప్రాంతంలో. బహార్లు కుటుంబాలకు అది పాత స్థావరం. వంశావళి కారా యూసుఫ్ కొడుకు ఇస్కందర్ దగ్గరికి చేరుతుంది, అంటే పైన అలింజా కోటలో చనిపోయినవాడు. తెల్ల గొర్రెల ఏలుబడిలో పాత రాజకుటుంబం కుర్రాడికి అక్కడ భవిష్యత్తు లేదు సరికదా, ప్రాణభయం. అలా 15వ శతాబ్దం చివర బీదర్‌లో బహమనీ కొలువులో చేరాడు. పైకొచ్చాడు, కుతుబ్-ఉల్-ముల్క్ బిరుదు పొందాడు, 1490ల్లో తెలంగాణ తరఫ్ (రాష్ట్రం) చేతికొచ్చింది. బహమనీలు బలహీనపడ్డాక గోల్కొండ నుంచి స్వతంత్రంగా ఏలాడు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే సంవత్సరం 1518. 1543లో కొడుకు జంషీద్ చేయించిన హత్యలో పోయాడు. తండ్రీకొడుకుల గొడవ సముద్రం దాటి కూడా ఈ వంశాన్ని వదల్లేదు.

ఆ హత్య తర్వాతే ఇంకో కొడుకు ఇబ్రహీం విజయనగరం పారిపోయి అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు ఉన్నాడు. 1550లో తిరిగొచ్చి సింహాసనం ఎక్కాడు. తెలుగు నేర్చాడు, తెలుగు కవుల్ని ఆదరించాడు, వాళ్ళు అతన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అచ్చతెనుగులో యయాతి చరిత్ర రాసిన పొన్నగంటి తెలగన్న ఆ కృతిని అంకితమిచ్చింది అతని దగ్గరి అధికారి అమీన్ ఖాన్‌కే. అయినా 1565లో ఇబ్రహీం ఆశ్రయమిచ్చిన రామరాయల మీదే మిగతా దక్కన్ సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్ళాడు. ఆదరణను, యుద్ధాన్ని వేరువేరు ఖాతాల్లో రాసుకున్న కాలం అది.

అయితే కుతుబ్ షాహీలు పర్షియన్లా, తుర్కులా?

టీవీల్లో, టూరిస్టు గైడ్ల నోట పర్షియన్లు అనే వింటాం. పుట్టుకతో తుర్క్‌మెన్లు, కొలువు భాష పారశీకం, మతం షియా, మూడో తరానికల్లా నోట దక్కనీ, తెలుగు. హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ కులీ దక్కనీలో కవిత్వం రాసినవాడు. ఒక్క ముద్ర వేయాల్సిందే అంటే ఏదో ఒకటి వేసుకోవచ్చు గానీ, ఏది వేసినా మిగతా మూడూ పోతాయి.

భారతదేశానికి వచ్చింది ఈ ఒక్క కుటుంబమేనా?

కాదు. అక్బర్ చిన్నతనంలో రాజ్యాన్ని నడిపిన బైరామ్ ఖాన్ కూడా బహార్లు తెగవాడే. హమదాన్ ప్రాంతాన్ని ఏలిన అలీ షుకర్ బేగ్ సంతతి. అతని కొడుకే హిందీ దోహాల రహీం, అంటే అబ్దుల్ రహీం ఖాన్-ఎ-ఖానాన్. కాబట్టి 1687లో ఔరంగజేబు గోల్కొండను మింగేనాటికి, ఈ తెగ వాళ్ళు మొఘల్ కొలువుకూ పాతవాళ్ళే.

ఇప్పుడు ఎక్కడైనా ఉన్నారా?

కారా కోయున్లు పేరుతో రాజకీయ కూటమి ఏదీ లేదు. తెగల పేర్లు మాత్రం మిగిలాయి. ఇరాన్‌లో ఫార్స్ రాష్ట్రపు ఖంసే కూటమిలోని అయిదు తెగల్లో బహార్లు ఒకటి. వాయవ్య ఇరాన్‌లో మాకూ వైపు కారా కోయున్లు అన్న పేరే ఊళ్ళకూ జనానికీ ఉంది. హమదాన్ దగ్గర బహార్ అనే పట్నం ఉంది. ఇటు మన దగ్గర సుల్తాన్ కులీ సమాధి గోల్కొండ కోట బయట ఇబ్రహీం బాగ్‌లో ఉంది. అక్కడి సమాధుల్లో పెద్ద గుమ్మటాలు తర్వాతి వాళ్ళవి. ఇతనిది చిన్నది, సాదాది, బతికుండగానే కట్టించుకున్నది.